టీచరమ్మ గారి కొరియా కొట్టు

టీచరమ్మ గారు పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను అమలాపురంలో బీకామ్ పిల్లలకు విదేశీ మారకద్రవ్యం పాఠం చెబుతున్నాను. ఈ సంగతి మా ఊళ్లో ఎవరికి చెప్పినా ముందు అయ్యో అంటారు, తర్వాత నవ్వుతారు. ఎందుకు నవ్వుతారో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

"ప్రభువునందు నిద్రించారండి," అన్నాడు ఫోనులో సంఘపెద్ద. మా వాళ్లు అలాగే అంటారు. ఆవిడ నిద్రపోగా నేను చూసింది ఆదివారం ప్రసంగం వేళ మాత్రమే. నిటారుగా కూర్చుని, కళ్లజోడు తియ్యకుండా, మధ్యమధ్య "ఆమెన్" అంటూ నిద్రపోయేవారు. ఎక్కడ ఆమెన్ అనాలో నిద్రలో కూడా తప్పేవారు కాదు. మెలకువగా ఉన్న నేను చాలాసార్లు తప్పాను.

మాది కొత్తపేట వైపు. రాజోలు దగ్గరున్న ఈ ఊరు మా ఆవిడ పుట్టిల్లు. తనకు ఇక్కడి పోస్టాఫీసులో ఉద్యోగం కాబట్టి కాపురం ఇక్కడే పెట్టాం. దాంతో నేను ఊరందరికీ అల్లుణ్ణయ్యాను. కోనసీమలో అల్లుడికి మర్యాదలో లోటు రానివ్వరు. కాకపోతే ఆ మర్యాదను ముళ్లున్న చేపముక్కలా చూసుకుని తినాలి. టీచరమ్మ గారు మా ఆవిడకు వరసకు పిన్ని. ఆవిడ "అల్లుడు గారూ" అంటూ ఆ 'గారూ'ను సాగదీశారంటే నా జేబుకో పరువుకో చిల్లు పడబోతోందని అర్థం.

కోతల పండుగకు మా చర్చిలో ఎవరింట్లో పండింది వాళ్లు కానుకగా తెచ్చి పెడతారు. కొబ్బరికాయలు, అరటిగెలలు, ఆనపకాయలు, ఒకటో రెండో కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. దేవుడి సొమ్ము కాబట్టి ధర ఎంత ఎక్కితే అంత ఘనత. వేలం పాట టీచరమ్మ గారిది. ఒక ఏడు నేను చెవి మీద వాలిన ఈగను తోలుకున్నాను. "అల్లుడు గారు ఎనిమిది వందలంటన్నారండీ," అన్నారు ఆవిడ. అందరూ వెనక్కి తిరిగి నా వైపు గౌరవంగా చూశారు. ఆ గౌరవాన్ని కాదనలేక ఆనపకాయ చంకన పెట్టుకుని ఇంటికి పోతే మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మన దొడ్లోదేనండి. పొద్దున్న నేనే కోసి ఇచ్చేను," అంది.

టీచరమ్మ గారు కువైట్‌లో చాలా ఏళ్లు ఇంటిపని చేసి వచ్చిన మనిషి. ఏ బడిలోనూ ఉద్యోగం చెయ్యలేదు. వచ్చాక సండే స్కూలు పిల్లల్ని పట్టుకున్నారు, పట్టుకుంటే వదిలే రకం కాదు కాబట్టి టీచరమ్మ గారైపోయారు. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో బేరానికి బయల్దేరినట్టు ఉండేవారు. చేతికి కువైట్‌లో కొనుక్కున్న గడియారం. దాన్ని మన టైముకు మార్చనేలేదు. ఎవరన్నా టైము అడిగితే ముల్లు చూసి ఆ అంకె చెప్పి, "రెండున్నర కలుపుకోండి," అనేవారు. ఊరికే చెప్పెయ్యొచ్చు కదండీ అని నేనొకసారి అన్నాను. "ఊరికే వస్తే గుర్తుండదండి," అన్నారు.

ఒక చలికాలం కొరియా నుంచి కొందరు విశ్వాసులు మా సంఘాన్ని చూడ్డానికి వచ్చారు. రెండు రోజులుండి, పిల్లలతో పాటలు పాడి, ఫొటోలు దిగి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ వాళ్లలో ఒకావిడ టీచరమ్మ గారికి చిన్న పర్సు ఇచ్చింది. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది, వాళ్ల మర్యాద అదట. అందులో నాలుగు రకాల నాణేలు, ఒక నీలం నోటు, ఒక నారింజరంగు నోటు ఉన్నాయి. నీలం నోటు మీద వెయ్యి అని కనిపించేసరికి సంఘపెద్దలు దాన్నేం చెయ్యాలా అని కూర్చున్నారు. కామర్సు లెక్చరర్ని కదా అని నన్ను సలహాకు పిలిచారు. నేను నోటును వెలుతురుకు ఎత్తి చూసి, "తొందరపడి మార్చకండి. రేటు ఇంకా పెరుగుతుంది," అన్నాను గంభీరంగా. అది మన డబ్బుల్లో అరవై రూపాయలని అక్కడే ఫోనులో చూసి చెప్పింది సండే స్కూలు పిల్ల ఒకతె. నాకు తెలియక కాదు. డాలరుతో తప్ప ఇంకే డబ్బుతోనూ నేను పాఠం చెప్పలేదు, అంతే.

తర్వాతి ఆదివారం నుంచి చర్చి అరుగు మీద కొరియా కొట్టు తెరిచారు ఆవిడ.

"మీరెలాగూ పొద్దస్తమానం ఆ కొరియా పాటలే ఇంటన్నారు. పాటకి డబ్బులక్కర్లేదు. మిగతా అన్నిటికీ కావాలి, రండి," అన్నారు పిల్లలతో.

రెండు బల్లలు కలిపి వాటి మీద నూడుల్సు ప్యాకెట్లు, సబ్బులు, అరటిపళ్లు పెట్టారు. పాత శుభలేఖలు కత్తిరించి బస్సు టిక్కెట్లు చేశారు. ప్రతిదాని మీదా కొరియా ధర. వాన్ అంటారట వాళ్ల డబ్బును. అసలు నోట్లు రెండే ఉన్నాయి కాబట్టి మిగతావి పిల్లలే రంగు పెన్సిళ్లతో గీశారు. వెయ్యి నీలం, అయిదు వేలు నారింజ, పది వేలు పచ్చ, యాభై వేలు పసుపు. వెయ్యికి తక్కువ నోటు లేదు, అయిదు వందలకు మించిన నాణెం లేదు. పది వేల మీద వాళ్లకు అక్షరాలు చేయించిన రాజుగారుంటారు. మా పిల్లలు గీసిన రాజుగారు మాత్రం అచ్చం మా బస్సు కండక్టరులా వచ్చారు.

"యాభై వేల మీదున్నావిడ బొమ్మలేసే ఆవిడండి. అయిదు వేల మీదున్నాయన ఈవిడ కొడుకే. కొడుక్కంటే తల్లి పదింతలు, రంగు బాగా చూసుకోండి," అనేవారు టీచరమ్మ గారు. ఆడపిల్లలు ఈ పాఠం మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారు.

యాభై వాన్ల నాణెం మీద వరికంకి ఉంటుంది. దాన్ని పిల్లలందరి చేతుల్లోనూ పెట్టి చూపించాక మళ్లీ పర్సులో వేసేసుకునేవారు. అది అమ్మకానికి లేదట. వరి పండించేవాళ్ల నాణెం బేరంలో పెట్టకూడదని ఆవిడే ఒక రూలు పెట్టుకున్నారు. కొరియాలో దానికి ఏమీ రాదని పిల్లలు చెప్పినా వినలేదు.

సున్నాలకు పిల్లలు మొదట్లో మురిసిపోయారు. చేతిలో యాభై వేలుంటే ఎవరు మురవరు? టీచరమ్మ గారు వాళ్లను కూర్చోబెట్టి, "కువైట్ దినారు పొట్టోడు, గట్టోడు. ఈ వాన్ ఉన్నాడు చూసేరూ, సున్నాలేసుకుని పొడుగ్గా వస్తాడు. పొడుగు చూసి కుర్చీ వేసెయ్యకండి. నీతో ఏమొస్తుందయ్యా అని అడగండి," అన్నారు. ఆవిడ ఎప్పుడూ అడిగేది అదొక్కటే. దీంతో ఏమొస్తుంది?

కొట్టు మీద కూర్చునేది ఆవిడే. ప్రతి బేరంలోనూ మోసం చేసేవారు. చిల్లర తగ్గించేవారు. పచ్చనోటు రావలసిన చోట నీలం నోటు పెట్టేవారు. ఎవడన్నా లెక్క చూసుకుంటుంటే, "మీ అమ్మకి జొరం తగ్గిందా నాన్నా," అని ఆప్యాయంగా పలకరించి లెక్క మరపించేవారు. పట్టుకున్నవాళ్లకు అరటిపండు. పట్టుకోలేక ఇంటికెళ్లి తిరిగొచ్చినవాళ్లకు, "గుమ్మం దిగేక ఎవడి డబ్బు ఆడిదే," అని ఒక నవ్వు.

మందిరం అరుగు మీద మోసం నేర్పడమేమిటని పాస్టరు గారు నొచ్చుకున్నారు.

"నేర్పట్లేదండి అయ్యగారూ, చేస్తన్నాను. పట్టుకోడం నేర్పుతున్నాను," అన్నారు ఆవిడ. అయ్యగారు ఆ వాక్యం గురించి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారనుకుంటాను.

నేను ఒక ఆదివారం అక్కడికి వెళ్లి మారకం రేటు ఎందుకు పెరుగుతుందో, ఎందుకు తగ్గుతుందో పిల్లలకు వివరంగా చెప్పాను. చాలా బాగా చెప్పాను. పిల్లలు మర్యాదగా విన్నారు. అయ్యాక టీచరమ్మ గారు, "రేటు ఫోను చెబుతాది అల్లుడు గారూ. ఒక సబ్బు కొనుక్కెళ్లండి," అన్నారు. కొన్నాను. ఎనిమిది వేల వాన్లు తక్కువొచ్చాయని ఇంటి దగ్గర తెలిసింది.

ఇక నా ఘనకార్యం.

అమలాపురంలో నాకొక ఏజెంటు తగిలాడు. సియోల్‌లో మూడేళ్లున్నానన్నాడు. కొరియా ఓడల కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం, నెలకు ఇరవై లక్షల వాన్లు జీతం. 'ఇరవై లక్షలు' గట్టిగా అని 'వాన్లు' మెల్లిగా అనేవాడు. నేను మాత్రం పిచ్చివాణ్ణా? రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. లక్షా ఇరవై వేల దాకా వస్తోంది. ప్రైవేటు కాలేజీలో నా జీతమెంతో ఇక్కడ రాయను. చదివేవాళ్లలో నా విద్యార్థులుండొచ్చు. ఏజెంటు ఫీజు కట్టాలంటే కొత్తపేట దగ్గర మా అమ్మ నా పేర రాసిన అరెకరం కొబ్బరితోట తాకట్టు పెట్టాలి. అదొక్కటే మాకున్న ఆస్తి.

"అది పోతే మనకింకేం లేదండి," అంది మా ఆవిడ.

"ఎలా పోతుంది? ఆరు నెలల్లో విడిపించేస్తాను. లెక్క చూపించమంటావా?" అన్నాను. కాగితం తీసి చూపించాను కూడా. అందులో ఒక్క తప్పు లేదు. అద్దె, తిండి అనే రెండు గడులు మాత్రం లేవు.

శనివారం సాయంత్రం ఏజెంటు మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కుర్చీ వేసి కొబ్బరినీళ్లిచ్చాం. పట్టాదారు పాసుపుస్తకం బల్ల మీద పెట్టాను. అప్పుడే వీధి గుమ్మంలో, "అల్లుడు గారూ..." అని వినిపించింది. ఆ 'గారూ' ఎంత సాగిందంటే నా చెయ్యి తనంతటదే జేబు మీదకు పోయింది. ఆవిడ వెనక నలుగురు పిల్లలు, ఒక సంచి. మా ఆవిడ నా వైపు చూడకుండా లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

"సియోల్‌లో ఉన్నవారొచ్చేరని తెలిసిందండి," అన్నారు టీచరమ్మ గారు ఏజెంటుతో. "మాది ఉత్తుత్తి కొట్టండి. ఒక్క బేరం చేసి అక్కడి పద్ధతి పిల్లలకి చూపించండి, పుణ్యం ఉంటాది."

అతను నవ్వి సరేనన్నాడు. పిల్లలు బల్ల మీద పాసుపుస్తకం పక్కనే నూడుల్సు ప్యాకెట్టు పెట్టారు. ధర పదిహేను వందల వాన్లు. టీచరమ్మ గారు అతనికి పసుపు నోటిచ్చారు. అతను దాన్ని ఒంటిచేత్తో కొట్టు మీద కూర్చున్న పదేళ్ల పిల్లకు అందించాడు. అప్పుడు ఫోనులో రేటు చూసి చెప్పిన పిల్ల అన్నానే, ఆ పిల్లే. అది రెండు చేతులతో అందుకుని, పెట్టెలోంచి నోట్లు తీసి, మెల్లిగా, అందరికీ కనబడేలా అతని చేతిలో పెట్టింది. నాలుగు పచ్చనోట్లు రావాలి. నాలుగు నీలం నోట్లు పెట్టింది. పైన ఒక నారింజ, మూడు నీలం, అయిదు వందల నాణెం సరిగ్గానే పెట్టింది.

"సరిపోయిందాండి?" అంది.

"సరిపోయింది," అన్నాను నేను. నన్నెవరూ అడగలేదు.

"ఆ, కరెక్టే," అని అతను నోట్లు మడిచి జేబులో పెట్టుకుని పిల్ల తల నిమిరాడు.

నలుగురు పిల్లలూ టీచరమ్మ గారి వైపు చూశారు.

"ముప్పై ఆరు వేలు పోయేయండి మీకు," అన్నారు ఆవిడ మెల్లిగా. "సియోల్‌లో మూడేళ్లున్నానన్నారంట. మూడేళ్లూ ఇలాగే తీసుకున్నారాండి చిల్లర?"

"ఆటే కదమ్మా. పిల్లలు గీసిన నోట్లు, రంగులు ఎవరు చూస్తారు?"

"పోన్లెండి, నోట్లొద్దు. ఇరవై లక్షల జీతాన్ని ఆళ్లు ఎలా చెప్పుకుంటారో చెప్పండి. ఆళ్లకి మనలాగ లక్ష లేదు కదా."

ఏజెంటు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. జవాబు ఆ పిల్ల చెప్పింది. "రెండొందలు పదివేలు అంటారండి. మనకి లక్ష ఎలాగో ఆళ్లకి పదివేలు అలాగ."

అతను కొబ్బరినీళ్లు తాగేసి, ఫోనొచ్చిందని లేచి, "రేపు మాట్లాడతానండి," అని వెళ్లిపోయాడు. ఇంతలో మా ఆవిడ పాసుపుస్తకం తీసుకెళ్లి బియ్యం డ్రమ్ములో పడేసి మూత పెట్టింది. అతను మళ్లీ ఫోను చెయ్యలేదు. జేబులో పెట్టుకున్న మా పిల్లల నోట్లు కూడా తిరిగివ్వలేదు.

కృతజ్ఞతతో ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాననుకుంటున్నారా? కోపమొచ్చింది. అతను దొంగని తెలిసినందుకు కాదు, 'సరిపోయింది' అన్నది నేనే అయినందుకు. చాలా వారాలు చర్చిలో ఆవిడ కూర్చునే వైపు కూర్చోలేదు. ఆవిడ ఎదురుపడితే ఆకాశంలో మేఘాలు చూసేవాణ్ణి. ఊళ్లో పిల్లలు నన్ను చూసి, "సరిపోయిందాండి?" అని పారిపోయేవారు.

చివరికి ఆవిడే మా అరుగు మీదకొచ్చి కూర్చున్నారు. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"నేను కువైట్ ఎక్కేటప్పటికి నాకు బైబిల్లో పుస్తకాల పేర్లన్నీ వరసాగ్గా వచ్చండి," అన్నారు, నేను అడక్కుండానే. "దినారుకి ఎన్ని ఫిల్సులో, ఆళ్ల పైసలండి, అది మాత్రం రాదు. ఇంటావిడ సామాన్లకి పంపితే కొట్టోడు ఎంతిస్తే అంత తెచ్చేసేదాన్ని. రోజూ తగ్గేది. ఆవిడ నా జీతంలో కోసేది. కోస్తే కొయ్యనీండి. దొంగ అందండి. ఇంట్లో పిల్లలు కూడా నన్ను అలాగే పిలిచేవారు. మొదటి ఏడాదంతా నా పేరు అదే. నేను తియ్యలేదని చెప్పడానికి నాకు మాట రాదు, కొట్టోడు తీస్తన్నాడని నాకు తెలీదు."

పేపరు దించాను.

"సండే స్కూల్లో మాకు పరలోకంలో బంగారు ఈదులుంటాయని చెప్పేరండి. నేను ముందెళ్లింది కువైట్ కదా. దాని గురించి ఎవరూ చెప్పలేదు." ఆవిడ చీరకొంగుతో కళ్లజోడు తుడుచుకున్నారు. "మన పిల్లలు ఎటో అటు ఎగిరిపోతారండి. ఈ నేల మీద అందరికీ పనెక్కడుంది? ఇప్పుడు కొరియా అంటన్నారు, రేపింకోటి. ఎటెళ్లినా ఎవరూ ఆళ్లని దొంగ అనకూడదు. నాకంతేనండి."

నా కోపం తలుచుకుంటే నాకే సిగ్గేసింది. ఆవిడ లేచి చెప్పులు తొడుక్కుంటూ, "అందుకని మీతో పనుందండి," అన్నారు. "నా దగ్గర పిల్లలందరూ ఆరితేరిపోయేరు. ఒక్కడూ మోసపోడంలేదు. చిన్నపిల్లలకి చూపించడానికి బాగా మోసపోయే మనిషి కావాలండి. మీ అంత వాటం ఊళ్లో ఎవరికీ లేదు. ఆదివారం రాండి."

"ఆయ్," అన్నాను.

అలా నేను కొరియా కొట్టుకు ఆస్థాన కస్టమర్నయ్యాను. ప్రతి ఆదివారం ఏదో కొనడం, మోసపోవడం, చిన్నపిల్లలు గోల గోలగా నా తప్పు పట్టుకోవడం. నేను నటిస్తున్నాననుకునేవారు వాళ్లు. "అల్లుడు గారు ఎంత బాగా చేస్తారో చూసేరా," అనేవారు టీచరమ్మ గారు. చెప్పొద్దూ, సగం వారాలు అది నటన కాదు. ఆవిడకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ పోయింది బుధవారం. సమాధి దగ్గర పాటలయ్యాయి, పాస్టరు గారి ప్రార్థన అయ్యింది. నేను ఏడవలేదు. అల్లుడు గారు ధైర్యస్థుడని ఎవరో అన్నారు. ఆ మాట కూడా కాదనలేక ఊరుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యి బయటికొస్తే అరుగు మీద బల్లలు వేసి ఉన్నాయి. నూడుల్సు ప్యాకెట్లు, సబ్బులు సర్ది ఉన్నాయి. పిల్లలు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆవిడ కూర్చునే స్టూలు మీద కూర్చోబెట్టారు. బేరం మొదలైంది. మొదటివాడికి చిల్లర సరిగ్గా ఇచ్చాను. రెండోవాడికీ సరిగ్గా ఇచ్చాను. ఆ స్టూలు మీద కూర్చుని పచ్చనోటు బదులు నీలం నోటు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

"అందరికీ సరిగ్గా ఇచ్చేస్తన్నారేంటండి?" అంది వరసలో మూడో పిల్ల. ఏడేళ్లుంటాయేమో. దాని తల్లి వచ్చే నెల కువైట్ వెళుతోంది.

"ఈ ఒక్క వారానికీ పోన్లేమ్మా."

"అలాగైతే మాకెలా వస్తాదండి? టీచరమ్మ గారు ఒక్క వారం కూడా మానలేదండి."

నిజమే. మానలేదు. ఆ పిల్ల రెండు చేతులతో పసుపు నోటిచ్చి సబ్బు తీసుకుంది. నేను పెట్టెలో వెతికి, పచ్చనోట్ల మధ్య ఒక నీలం నోటు కలిపి ఇచ్చాను. అది నోట్లను బల్ల మీద ఒక్కొక్కటే పరుచుకుని, నా మొహం వైపు చూడకుండా, వేలు పెట్టి లెక్కపెట్టుకుంది.

"తక్కువిచ్చేరండి," అంది.

సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఊరంతా చెప్పులు తొడుక్కుంటూ చూస్తుండగా, చర్చి అరుగు మీద, సబ్బుల మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మిగతా పిల్లలు భయపడి వెనక్కి జరిగారు. ఆ పిల్ల జరగలేదు. నాకేసి జాలిగా చూసింది. చాపిన చెయ్యి మాత్రం దించలేదు.

"ఏడ్చినా చిల్లర ఇవ్వాలండి," అంది.